ఆస్మియం మూత మీద నా వేలిముద్ర

మా ల్యాబు ఏటా రెండు డబ్బాల పొద్దుతిరుగుడు నూనె కొనేది. ఆస్పత్రిలో కొనుగోళ్లు చూసే గుమాస్తా ప్రతి ఏడూ ఆ కాగితం పట్టుకుని ఫోన్ చేసి, మీ గదిలో బజ్జీలు గానీ వేస్తున్నారా మేడం అని అడిగేవాడు. వేస్తే మొదటి వాయి మీకే పంపిస్తానని నేను చెప్పేదాన్ని. ముప్పై ఒక్క ఏళ్లలో గుమాస్తాలు ముగ్గురు మారారు గాని ఆ ప్రశ్న మారలేదు, నా జవాబూ మారలేదు.

ఆ నూనె బజ్జీలకు కాదు, ఆస్మియం టెట్రాక్సైడ్‌కు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ గదిలో పనిచేసే వాళ్లం రోజూ వాడే మందు అది. ఒక్క చుక్క ఒలికినా వెంటనే దాని మీద నూనె గుమ్మరించాలి. చూస్తుండగానే నూనె బొగ్గులా నల్లబడుతుంది, ప్రమాదం తప్పుతుంది. నూనె కనబడితే ఆస్మియం ఆగదు. ఈ ఒక్క సంగతి అర్థమైతే మా పని సగం అర్థమైనట్టే. నాకు ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఇది చెప్పారు, అర్థం కావడానికి మాత్రం రెండేళ్లు పట్టింది.

కిందటేడు రిటైరయ్యాను. పాతబస్తీ శాలిబండలో మా ఇంట్లో, బాపు అని పిలిచే మా నాన్న వాడిన పెన్నుల పక్కన, రెండు వైపులా మూసేసిన ఒక గాజు గొట్టం ఉంది. అందులో ఒక సీసా మూత. మూత అడుగున నల్లగా ఒక బొటనవేలి ముద్ర. మా ల్యాబుకు శిక్షణకు వచ్చిన పిల్లలకు మొదటి రోజు పాఠం చెప్పకుండా ఆ మూత చేతికిచ్చేదాన్ని. ఎవరిది మేడం ఈ ముద్ర అని అడిగేవాళ్లు. ఈ ఉద్యోగంలోకి ఇప్పుడు వస్తున్న వాళ్ల కోసం ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. నాకు వచ్చినవి రెండే, రెండూ ఆలస్యంగానే వచ్చాయి.

*నిబ్బు కొన*

నాకు ఆస్మియం పరిచయమైంది కాలేజీలో కాదు, బాపు దుకాణంలో. శాలిబండ సందులో నాలుగడుగుల గదిలో బాపు పెన్నులు బాగుచేసేవాడు. పాత మంచి నిబ్బుల కొనకు ఆవగింజలో సగమంత చుక్క అతికించి ఉంటుంది. నిబ్బు బంగారమైనా స్టీలైనా ఆ చుక్క మాత్రం ఆస్మియం, ఇరిడియం కలిసిన లోహం. బాపుకు ఆ పేర్లు తెలియవు. భూతద్దంలో చూపించి, "బిడ్డా, నిబ్బు అరుగుతది, రాసేటోని చెయ్యి అరుగుతది, గిది మాత్రం అరగదు" అనేవాడు.

ఆ నిబ్బులకు చీలిక తీసే సన్నటి చక్రంతో ఆడబోయి పదేళ్ల వయసులో బొటనవేలు కోసుకున్నాను. వేలికి ఏటవాలుగా ఒక గాటు మిగిలింది. బాపు నన్ను కొట్టలేదు గాని నెల రోజులు దుకాణం గడప తొక్కనివ్వలేదు. ఆ గాటు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

లోహంగా ఉన్నంతసేపు ఆస్మియం అంత పెద్దమనిషి లేడు. సీసానికి రెట్టింపు బరువు, నీలిరంగు మెరుపు, ఎవరి జోలికీ పోదు. అదే లోహం పొడి రూపంలో ఉంటే గాలిలోని ఆక్సిజన్‌ను మెల్లగా పట్టుకుంటుంది. ఒక్కో ఆస్మియం పరమాణువు నాలుగేసి ఆక్సిజన్ పరమాణువులను తగిలించుకుంటుంది. అప్పుడు తయారయ్యేదే టెట్రాక్సైడ్. లేత పసుపు స్ఫటికాలు, చూడటానికి పటికబెల్లం ముక్కల్లా ముద్దొస్తాయి. కరగకుండానే ఆవిరవుతాయి. బ్లీచింగ్ పౌడరులో ముల్లంగి తురిమినట్టు ఘాటు వాసన. ఆ వాసన మీకు తెలిసిందంటే అప్పటికే కాస్త లోపలికి పోయిందన్నమాట. కళ్లకు తగిలితే కంటిపొర నల్లబడుతుంది. కొద్దిగా తగిలినా ఆ సాయంత్రం వీధి దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. వలయాలు అందంగా ఉంటాయని ఇంట్లో కూర్చోవద్దు, కంటి డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

మరి ఇంత దుర్మార్గపు మందు ఎందుకంటారా? మన కణాల పొరలన్నీ కొవ్వుతో అల్లినవి. ఆస్మియం ఆ కొవ్వును పట్టుకుని అక్కడికక్కడే నల్ల డయాక్సైడ్‌గా స్థిరపడిపోతుంది. ఆ పొర ఇక కదలదు, చెదరదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే పెన్సిలుతో గీసినట్టు కనబడుతుంది. ఆస్మియం లేకపోతే మాకు కనబడేది ఉత్త పొగమంచు.

*మేడం పెట్టిన నియమం*

మా పెద్ద డాక్టరు పేరు కామేశ్వరి గారు. గోదావరి జిల్లా మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. నేను చేరిన రోజు నన్ను పైనుంచి కిందికి చూసి, తలకు నూనె రాసుకుని నా ల్యాబులోకి రావద్దు అన్నారు. అంతే. ఎందుకో చెప్పలేదు.

నాకు ఒళ్లు మండింది. మా అమ్మ కొబ్బరినూనెలో ఆముదం కలిపి వారానికి నాలుగు రోజులు నా తల నిండా పట్టించేది. మోకాలి దాకా జడ. పాతబస్తీ పిల్ల, జిడ్డు తల, మనకింత నాగరికత లేదని ఈవిడ చెబుతున్నట్టుంది అనుకున్నాను. కోస్తా వాళ్ల ఫ్యాషన్ మాకెందుకని ఇంట్లో పెద్ద లొల్లి చేశాను. మర్నాటి నుంచి ఇంకో చెంచా ఎక్కువ రాయమని అమ్మకు చెప్పాను. టోపీ పెట్టుకుంటాను కదా, ఎవరికి తెలుస్తుంది. మొండితనంలో నన్ను మించినవాళ్లు మా సందులో లేరు.

ల్యాబులో మూడో మనిషి ఖాదర్ భాయ్. గాజు సామాను కడిగేవాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద, నన్ను బేటీ అనేవాడు. ఆయన కడిగిన సీసా వెలుగుకు పట్టి చూస్తే సీసా ఉందో లేదో తెలిసేది కాదు. చదువు రాదు, జీతం రిజిస్టరులో వేలిముద్ర వేసేవాడు. కడగడానికి వచ్చిన సీసాలో, రోగుల నుంచి పరీక్షకు తీసిన కండ పిసరంత మిగిలి ఉన్నా పారేసేవాడు కాదు. ఆ సీసా మెడకు ఎర్రదారం కట్టి ఫ్రిజ్ పై అరలో ఒక రేకు డబ్బాలో పెట్టి, శనివారం శనివారం మమ్మల్ని అడిగేవాడు. మనిషి ఒంటిలోది అడగకుండా ఎట్ల పారేస్తం అనేవాడు. ముప్పైసార్లు అడిగితే ముప్పైసార్లూ పారేయమనే చెప్పేవాళ్లం. ఆ దారాలను చూసి నేను నవ్వేదాన్ని. ఖాదర్ భాయ్, సీసాలకు తాయెత్తులు కడుతున్నవా అనేదాన్ని.

*పెరుగు డబ్బా, మే నెల*

అసలు కథకు ముందు రెండు చిన్న సంగతులు.

ఒక జూనియర్ డాక్టరు తన పెరుగు డబ్బా ఆస్మియం సీసాలుండే మా ఫ్రిజ్‌లో పెట్టాడు. ఆయన వార్డులోని ఫ్రిజ్ పాడైందట. మధ్యాహ్నం మూత తీస్తే మీగడ బూడిదరంగులో ఉంది. బూజు పట్టిందనుకుని పైపైన తీసేసి తినబోతుంటే ఖాదర్ భాయ్ చేతిలోంచి లాక్కున్నాడు. ఆస్మియం ఆవిరి ప్లాస్టిక్కులోంచి దూరిపోతుంది, దానికి మీగడ కావాలి, దొరికింది. ఆ డాక్టరు ఇప్పుడు పెద్ద పేరున్నవాడు, పేరు రాయను. ఆ రోజు నుంచి సీసాను డబ్బాలో, ఆ డబ్బాను ఇంకో డబ్బాలో, రెంటి మధ్య కాసింత పాలపొడి పోసి పెట్టడం మొదలుపెట్టాం. పాలపొడి నల్లబడితే లీకు ఉన్నట్టు. ఏ పుస్తకంలోనూ చూసి చేసింది కాదు, మీగడే నేర్పింది.

రెండోది మే నెల సంగతి. ఈ స్ఫటికాలు నలభై డిగ్రీలు దాటితే కరుగుతాయి. చల్లని దేశాల పుస్తకాల్లో ఆ అంకె ఒక మూలన ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. మన ఊళ్లో మే నెలలో రెండు రోజులు కరెంటు పోతే ఆంప్యూళ్లలో, అంటే అవి వచ్చే మూతి అతికిన గాజు గొట్టాల్లో, స్ఫటికాలన్నీ నెయ్యిలా కరిగి ఒక పక్కకు చేరతాయి. కంగారు పడొద్దు. మూసిన ఆంప్యూల్‌ను మళ్లీ చల్లబెడితే గడ్డకడుతుంది. పుస్తకం చదవండి గాని, అది రాసినాయన ఊళ్లో ఎండ ఎంతో కూడా చూసుకోండి.

*అనసూయ*

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. బహదూర్‌పురా నుంచి అనసూయ అనే ఆమె వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి, ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. ఆమె తమ్ముడు శ్రీశైలానికి రాళ్ల వల్ల రెండు కిడ్నీలూ పాడయ్యాయి. తన కిడ్నీ ఒకటి ఇస్తానని అక్క ముందుకు వచ్చింది. అన్నీ కుదిరాయి గాని ఆమె మూత్రంలో కంటికి కనబడనంత రక్తం కనిపించింది. అది కిడ్నీలో రక్తం వడగట్టే పొర పుట్టుకతో పలచగా ఉండటం వల్లా, లేక ఆమె కిడ్నీకీ ఏదైనా జబ్బు మొదలైందా? మొదటిదైతే ఇవ్వవచ్చు. రెండోదైతే ఇవ్వకూడదు, ఇస్తే ఇద్దరూ మంచాన పడతారు. ఆ పొర మందం మామూలు మైక్రోస్కోప్‌లో తెలియదు, మా దగ్గరే తెలియాలి.

అందుకని ఆమె వీపులోంచి కిడ్నీకి సూది గుచ్చి, దారపు పోగంత కండ తీసి మాకు పంపారు. మర్నాడు కారిడార్లో ఆమె కనిపించింది. ఒక పక్కకు వంగి నడుస్తోంది. నొప్పి ఉందా అని అడిగితే, నొప్పి గాదమ్మా, సూది లోపలికి వోయే సప్పుడు నాకు ఇనబడ్డది, మళ్లొకసారి మాత్రం నా వల్ల గాదు అంది.

శనివారమే నేను కొత్త ఆస్మియం ద్రావణం కలిపి పెట్టాను. ఆంప్యూల్ మీది కాగితాన్ని నానబెట్టి తీసి, ఆమ్లంలో కడిగి, శుభ్రమైన సీసాలో వేసి, నీళ్లు పోసి, మూత పెట్టి ఊపితే లోపలే పగులుతుంది. తర్వాత ఒక రోజంతా మెల్లగా కరుగుతుంది. పగిలేటప్పుడు చేతి తొడుగులు వేసుకున్నాను. అంతకు ముందు, కడిగిన ఆంప్యూల్‌ను సీసాలో వేసేటప్పుడూ, మూత పట్టుకున్నప్పుడూ వేసుకోలేదు. ఇంకా పగలని ఆంప్యూల్ ఏం చేస్తుందిలే అనుకున్నాను. నాకేమవుతుందో ఆలోచించాను గాని, నా చేతులు దానికేం చేస్తాయో ఆలోచించలేదు.

సోమవారం చూస్తే ద్రావణం లేత ఎండుగడ్డి రంగులో లేదు, పలచటి టీ డికాషన్‌లా ఉంది. చూశాను. చూసి కూడా ఊరుకున్నాను. కొత్తది కలిపితే ఇంకో రోజు పోతుంది, మేడం ఈ కేసు త్వరగా కావాలన్నారు. ఇంకో తప్పు కూడా చేశాను. వచ్చిన కండలో ఒక ముక్కను వెనక్కి దాచి పెట్టడం మా ల్యాబు పద్ధతి. ఈ కేసు ముఖ్యమైనది కదా, అన్నీ వేస్తే మంచిది కదా అని నాలుగు ముక్కలూ ఆస్మియంలో వేసేశాను. కండ వచ్చిన ఖాళీ సీసాను కడగడానికి పంపాను.

గురువారం మేడం మైక్రోస్కోప్ ముందు కూర్చున్నారు. చీకటి గది, ఆకుపచ్చ తెర. పొర కనబడాల్సిన చోట మిరియాల పొడి చల్లినట్టు నల్ల మచ్చలు. నాలుగు ముక్కల్లోనూ అంతే. పొర మందం కొలవడానికి ఇంచీ జాగా లేదు.

*ఇంకు ప్యాడు*

మేడం లైటు వేసి, ఇది ఎందుకు జరిగింది సరోజా అని అడిగారు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

కారణాలు మూడు ఉండొచ్చు. కండలో నీరు తీసేందుకు ఆల్కహాల్ పోసే ముందు దాన్ని సరిగ్గా కడగకపోవడం, అది నా పని. ద్రావణం చెడిపోవడం, అదీ నా పనే. సీసాలో జిడ్డు ఉండటం. నా నోటి నుంచి మూడోదే వచ్చింది. సీసా సరిగ్గా కడిగినట్టు లేదు మేడం అన్నాను. ఖాదర్ పేరు నేను పలకలేదు. పలకనక్కర లేదు, సీసాలు కడిగేది ఒక్కడే.

అనసూయకు సోమవారం మళ్లీ సూది గుచ్చాలని పైనుంచి కబురు వచ్చింది. మేడం ముఖం మాడిపోయింది. ఆ సాయంత్రమే ఇంగ్లీషులో ఒక కాగితం టైపు చేయించారు. గాజు సామాను కడగడంలో నిర్లక్ష్యం వల్ల ఒక రోగి నమూనా పాడైందని, ఖాదర్‌ను బేస్‌మెంటులోని స్టోర్సుకు మారుస్తున్నామని. దాని కింద ఆయన వేలిముద్ర కావాలి. ఇంకు ప్యాడు తెరిచి పట్టుకున్నది నేను.

ఖాదర్ భాయ్ వేలు అద్దబోయి ఆగాడు. "ఏం రాసిన్రు బేటీ గిండ్ల?" అని అడిగాడు.

"సీసలు ఇంకింత మంచిగ కడగాల్నని రాసిన్రు, ఖాదర్ భాయ్" అన్నాను.

అచ్ఛా అని తలూపి, వేలు అద్ది ముద్ర వేశాడు. నేను చెప్పాను కాబట్టి వేశాడు. ముప్పై ఒక్క ఏళ్లలో నేను చేసిన తప్పులు లెక్కలేనన్ని ఉన్నాయి. సిగ్గుపడేది మాత్రం ఈ ఒక్క వాక్యానికే.

*పెరాక్సైడ్*

శనివారం ఉదయం మిగిలిన ద్రావణాన్ని నూనెలో పోసి పారేయాలని సీసా తీశాను. గాలి లాగే అల్మారాలో పెట్టి, తొడుగులు వేసుకుని, మూత తిప్పి చూశాను. మూత అడుగున, ఆవిరి తగిలే చోట, నల్లగా ఒక బొటనవేలి ముద్ర. గీత గీతా లెక్కపెట్టొచ్చు. దాని మధ్యలో ఏటవాలుగా ఒక తెల్లని గాటు.

తొడుగు విప్పి నా వేలు చూసుకున్నాను. అవసరం లేదు గాని చూసుకున్నాను.

మూత పట్టుకునే ముందు జడ వెనక్కి వేసుకుని ఉంటాను. రోజుకు వందసార్లు వేసుకునేదాన్ని. వేలికి అంటిన ఆముదం మూతకు, ఆంప్యూల్‌కు అంటింది. ఆంప్యూల్ మీదిది నీళ్లలో కలిసి ద్రావణాన్ని పాడుచేసింది. మూత మీదిది ఆవిరికి నల్లబడి నా సంతకమై కూర్చుంది. ఖాదర్ భాయ్ కడిగిన సీసా మాత్రం ఎప్పటిలాగే ఉందో లేదో తెలియనంత శుభ్రంగా ఉంది.

పక్కనే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉంది. నల్ల డయాక్సైడ్ మీద ఆ చుక్క పడితే అది మళ్లీ టెట్రాక్సైడై ఎగిరిపోతుంది. దూదితో ఒక్కసారి తుడిస్తే ముద్ర మాయం. దూది తడిపాను కూడా. అబద్ధం ఎందుకు, రెండు నిమిషాలు అలాగే నిలబడ్డాను. నాకు పెళ్లి కాలేదు, ఉద్యోగం పర్మనెంటు కాలేదు, బాపుకు కళ్లు మసకబారి దుకాణం మూసేశాడు. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది.

బల్ల మీద ఇంకు ప్యాడు ఇంకా అక్కడే ఉంది. దాని రేకు మూత మీద ఖాదర్ భాయ్ వేలు తగిలిన ఊదారంగు మరక. ఎంత చూడొద్దనుకున్నా కళ్లు అటే పోతున్నాయి. దూదిని నూనె డబ్బాలో పడేసి కిందికి దిగాను. మేడం దగ్గరికి కాదు, బేస్‌మెంటుకు. ముందు మేడంకు చెబితే ఖాదర్ భాయ్‌కు ఇంకొకరు చెబుతారు. అది నేనే చెప్పాలి.

*బేస్‌మెంటు*

ఆయన పాత ఫైళ్లు కట్టలు కడుతున్నాడు. ఎదురుగా నిలబడి చెప్పాను.

"ఖాదర్ భాయ్, సీస నువ్వు మంచిగనే కడిగినవ్. తప్పు నాది. నా తలనూనె అంటుకున్నది. ఆ కాయిదంల తప్పు నీదని రాసిన్రు. నీకు నేను అబద్ధం చెప్పిన."

ఆయన పని ఆపలేదు. కట్టు పూర్తి చేసి, ముడి వేసి, అప్పుడు తలెత్తాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండును.

"ఆ బిడ్డకు మళ్ల సూది గుచ్చుతున్నరా?" అన్నాడు.

సోమవారం అని చెప్పాను.

"ఆమె సీస కడుగుదామని తీస్తే మూత అంచుకు గింతంత ముక్క అంటి ఉండె. దారం కట్టి పెట్టిన. శనివారం అడుగుదామనుకున్న. గంతల నన్ను ఈడికి పంపిన్రు." కట్ట పక్కకు జరిపి, "నువ్వు రాకపోతే నాకేం ఎరుక, అది గావాల్నని?" అన్నాడు.

మెట్లు ఎలా ఎక్కానో తెలియదు. ఫ్రిజ్ పై అర, రేకు డబ్బా, ఎర్రదారం. సీసా మీద అనసూయ నంబరు అలాగే ఉంది. వెలుగుకు పట్టుకుంటే నూక గింజలో సగమంత కండ, చెడకుండా వార్డులో పోసిన మందులో పదిలంగా తేలుతోంది. నేలమీద కూర్చుని ఏడ్చాను.

ఒక చేతిలో ఆ సీసా, ఇంకో చేతిలో మూత పట్టుకుని మేడం గదికి వెళ్లాను. అంతా చెప్పాను, పెరాక్సైడ్ దూదితో సహా. ఆవిడ మూతను భూతద్దం కింద పెట్టి చూశారు. మొదటి మాట ఏమన్నారో తెలుసా? ఉత్త కొబ్బరినూనె అయితే ఇంత నల్లబడదు, మీ అమ్మ ఆముదం కలుపుతుందా అని. కొబ్బరినూనెలో ఆస్మియం పట్టుకునే జంట బంధాలు తక్కువ, ఆముదంలో దండిగా ఉంటాయి. ఆ స్థితిలోనూ ఆవిడకు రసాయనమే ముందు కనిపించింది. రెండేళ్లలో మొదటిసారి ఆవిడ నాకు నచ్చారు.

"నీకు నియమం చెప్పాను గాని కారణం చెప్పలేదమ్మా. అది నా తప్పు. మిగతాదంతా నీదే" అన్నారు.

ఆవిడే ఫోన్ చేసి సోమవారం సూదిని ఆపించారు, ఖాదర్ భాయ్‌ను మళ్లీ ల్యాబుకు పిలిపించారు. ఆదివారం పొద్దున్నే కుంకుడుకాయలతో మూడుసార్లు తలంటుకుని ల్యాబుకు వచ్చాను. కొత్త ద్రావణం కలిపాను. సీసా ఖాదర్ భాయే వచ్చి కడిగి ఇచ్చాడు. సోమవారం చూస్తే ఎండుగడ్డి రంగు, కన్నీటి చుక్కంత తేట. ఆ పిసరు కండను అందులో వేశాను. కండ నల్లబడింది, ద్రావణం తేటగానే ఉంది. అలాగే ఉండాలి.

శుక్రవారం ఆకుపచ్చ తెర మీద పొర కనిపించింది. పలచగా, ఒక్క చీలిక లేకుండా, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే గీత. మేడం ముప్పై చోట్ల కొలిచారు. పుట్టుకతో పలచన, అంతే, జబ్బు కాదు. జీవితాంతం ఏటా పరీక్షలు చేయించుకోవాలనే షరతు మీద డాక్టర్లు ఒప్పుకున్నారు. అనసూయ కిడ్నీ ఇచ్చింది. రెండోసారి సూది తప్పిపోయిందని ఆమెకు తెలుసు, ఎలా తప్పిందో నేనే చెప్పాను. ఆమె విని, ఆ దారం కట్టినాయనను చూపించమంది. ఖాదర్ భాయ్‌కు ఒక చొక్కా కుట్టి తెచ్చింది. నాకేమీ తేలేదు, న్యాయమే.

*చివరి మాట, మొదటి రోజు కోసం*

కొత్తగా వచ్చే పిల్లలకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ద్రావణం రంగు తేడాగా ఉంటే వాడొద్దు, తొందర మీది, దానిది కాదు. ఒక ముక్క దాచండి. తొడుగులు మీ చేతుల కోసమే కాదు, ఆంప్యూల్ కోసం కూడా. పై ఉద్యోగంలో ఉన్నవాళ్లయితే నియమంతో పాటు కారణం కూడా చెప్పండి, లేకపోతే నాలాంటి మొండిఘటం ఇంకో చెంచా నూనె రాసుకుని వస్తుంది. సీసాలు కడిగే మనిషి ఏం చూశాడో రోజూ అడగండి. ఈ పనిలో నేను సంతోషంగానే బతికాను. కంటికి కనబడని గీత ఒకటి తేటగా కనబడితే ఎక్కడో ఒక ఇంట్లో ఊపిరి పీల్చుకుంటారు. ఇంతకంటే మంచి ఉద్యోగం నాకు తెలియదు.

ఇక ఆ కాగితం సంగతి. చించేయమని మేడంను అడిగాను. ఫైల్లోకి వెళ్లిన కాగితం చించకూడదు, దాని కిందనే నిజం రాయమన్నారు. బాపు పెన్నుతో తెలుగులోనే రాశాను. రాసింది ఖాదర్ భాయ్‌కు మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను, ఈసారి ఒక్క మాట మార్చకుండా. కింద నా పేరు సంతకం చేయబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"దస్కత్ ఎవరైన చేస్తరు బేటీ. నాతోని అంగూఠా వేయిస్తివి గద, నువ్వు గూడ వెయ్యి" అన్నాడు.

ఇంకు ప్యాడు ఆయనే తెరిచి పట్టుకున్నాడు. ఆయన ముద్ర పక్కనే నాది వేశాను. గాటు స్పష్టంగా పడింది. ఖాదర్ భాయ్ వంగి రెండింటినీ చూశాడు, బాగానే పడింది అన్నట్టు తలూపాడు. నేను వేలు కడుక్కోవడానికి లేవబోతే, కడిగినా మూడు దినాలు పోదు, ఉత్తగ కష్టపడకు అన్నాడు.

ఆయన చెప్పినట్టే నాలుగో రోజుకు పోయింది. మూత మీదిది ఇంకా ఉంది.